ఫోను తయారీదారు నెట్‌వర్క్‌లో వాటా కొనాలా: ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అనుభవం

ఫోను తయారుచేసే కంపెనీ ఆ ఫోనుకు సిగ్నల్ ఇచ్చే టెలికాం కంపెనీలో వాటా కొనడం లాభమా, నష్టమా అన్నది సెల్‌ఫోను వ్యాపారం పుట్టినప్పటి నుంచి ఉన్న చర్చ. దీన్ని తిరగేసి చూస్తే, టెలికాం కంపెనీ తన సొంత బ్రాండు మీద ఫోన్లు తెచ్చి అమ్మడం కూడా ఇదే ప్రశ్నకు రెండో ముఖం. ఈ రెంటికీ మన అనుభవంలోనే సమాధానాలున్నాయి. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్‌గా మిగిలాయి. ఈ సర్కిల్ 2003 నుంచి వాయిదాల మీద ఇచ్చిన సీడీఎంఏ సెట్లను చూసింది, డిపాజిట్ కట్టించుకుని ఇచ్చిన జియోఫోన్లను చూసింది, హైదరాబాద్ కంపెనీ సెల్‌కాన్ ఎయిర్‌టెల్‌తో కలిసి తెచ్చిన చవక స్మార్ట్‌ఫోనునూ చూసింది. వాటాతో అయిన పని ఏది, వాటా లేకుండానే అయిన పని ఏది అన్నది ఈ మూడింటిని పక్కపక్కన పెడితే తేలుతుంది.

కౌంటర్ మీద

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ దగ్గర విజయవాడ–హైదరాబాద్ రహదారి నుంచి మైలవరం, తిరువూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రహదారి చీలుతుంది. ఒకవైపు థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇంకోవైపు కొండపల్లి పారిశ్రామికవాడ, ఆయిల్ డిపోలు, ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం. ప్లాంటు ఉద్యోగులు, లారీ డ్రైవర్లు, ఇతర రాష్ట్రాల నుంచి పనికి వచ్చిన కూలీలు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఫోనూ రీఛార్జీ కొనేది ఇలాంటి సెంటర్లలోనే.

ఇలాంటి షాపులో కొత్త ఫోను అమ్ముడయ్యే తీరు చూడాలి. సీలు చింపాక కుర్రాడు పెట్టెలోంచి సన్నని పిన్ను తీసి ఫోను అంచున ఉన్న రంధ్రంలో గుచ్చుతాడు. ట్రే బయటికొస్తుంది. అందులో రెండు గాళ్లుంటాయి. పాత ఫోనులోంచి తీసిన సిమ్‌ని మొదటి గాడిలో పెట్టి, "రెండోది ఏం వేయమంటారండీ?" అని అడుగుతాడు. మొదటిది బ్యాంకుకీ ఆధార్‌కీ గ్యాస్ బుకింగుకీ ఇచ్చిన పాత నంబరు, ఏళ్ల తరబడి మారనిది. రెండోది ఎవరి టవర్ ఇంట్లో బాగా అందితే వాళ్లది, లేదా ఆ నెల ఎవరి ప్లాన్ చవకైతే వాళ్లది. ఫోను ఏ కంపెనీదన్న మాట ఈ సంభాషణలో ఎక్కడా రాదు. సిమ్ ఏ కంపెనీదన్న మాట ఫోను ఎంచుకునేటప్పుడు రాదు.

మన దేశంలో ఫోను వ్యాపారం నిలబడింది ఈ రెండు గాళ్ల ట్రే మీదే. అన్ని సిమ్‌లూ పడతాయి కాబట్టే ఆ ఫోను ప్రతి షాపులో అమ్ముడవుతుంది. ఫోను కంపెనీ ఒక నెట్‌వర్క్‌ని కొన్న మరుక్షణం మిగతా నెట్‌వర్క్‌ల దృష్టిలో అది పోటీదారు అయిపోతుంది. ఆ కంపెనీ ఫోన్లను తమ ఆఫర్లలో చేర్చడానికి, కొత్త సేవలు వాటి మీద ముందుగా పరీక్షించడానికి వాళ్లు వెనకాడతారు. నెట్‌వర్క్ వైపు నుంచీ ఇంతే. టవర్లు నిండాలంటే అన్ని బ్రాండ్ల ఫోన్లూ వాటికి తగులుకోవాలి. అందుకే ఈ వ్యాసకర్త అంచనా ఒకటే: కొత్త సాంకేతికత వచ్చి, దానికి తగిన ఫోన్లు బజారులో లేని ఆ రెండుమూడేళ్లలో తప్ప ఈ రెండు వ్యాపారాలకూ ఒకే యజమాని ఉండటం వల్ల ఒరిగేది తక్కువ. ఆ రెండుమూడేళ్ల అవసరానికి కూడా చాలాసార్లు ఒప్పందం సరిపోతుంది.

సీడీఎంఏ రోజులు

ఈ సర్కిల్‌లో మొదటి సెల్‌ఫోను లైసెన్సులు టాటా సెల్యులార్, జేటీ మొబైల్ కంపెనీలవి. మొదటిది తర్వాత ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. ఆ రెండిట్లో ఏదీ ఫోన్లు తయారుచేసేది కాదు. నోకియా, ఎరిక్సన్, మోటొరోలా సెట్లు జనం విడిగా కొనుక్కునేవారు. జీఎస్‌ఎం పద్ధతిలో నంబరు సిమ్‌లో ఉంటుంది కనుక సెట్టు ఎవరిదైనా పని జరిగేది.

2002లో లెక్క మారింది. ల్యాండ్‌లైన్ లైసెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లోనే వ్యాపారం మొదలుపెట్టిన టాటా టెలిసర్వీసెస్ సీడీఎంఏ అనే మరో పద్ధతిలో సేవలు తెచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 28న రిలయన్స్ ఇన్ఫోకామ్ దేశమంతటా రంగంలోకి దిగింది. రిలయన్స్ సీడీఎంఏలో విడిగా సిమ్ ఉండదు, నంబరు సెట్టులోనే ఎక్కించి ఇస్తారు. కాబట్టి సెట్టు అమ్మే బాధ్యత కూడా నెట్‌వర్క్ కంపెనీ నెత్తిన పడింది. 2003 జులైలో వచ్చిన 'మాన్‌సూన్ హంగామా' కింద రూ.501 కట్టినవాళ్లకు సెట్టు చేతికిచ్చి మిగతాది నెలవారీ వాయిదాల్లో వసూలు చేయాలనుకున్నారు. ఎల్‌జీ, శాంసంగ్ లాంటి కంపెనీల సెట్లను రిలయన్సే టోకున కొని పంచింది.

అంతకుముందు సెల్‌ఫోను అంటే కాంట్రాక్టర్ల దగ్గరో డాక్టర్ల దగ్గరో కనిపించే వస్తువు. ఈ పథకంతో ఆటో స్టాండులోకీ కూరగాయల మార్కెట్లోకీ వచ్చింది. ఆ మేలును తక్కువ చేయకూడదు. అయితే చాలామంది కొన్ని నెలలు వాడి బిల్లు కట్టడం మానేశారు. సెట్టు వేరే నెట్‌వర్క్‌లో పనిచేయదు కనుక ఆగిపోయినవాడికి అది ఉత్త ప్లాస్టిక్కు. కంపెనీకి అది రాని బాకీ. ఫోన్లు తయారుచేసిన కంపెనీలు మాత్రం తమ డబ్బు ముందే తీసుకున్నాయి. ఈ బంధంలో ఎవరి తల మీద ఏ బరువు పడుతుందో అప్పుడే స్పష్టమైంది: సెట్టు ధరను భరించి గిరాకీని పెంచేవాడికి అప్పు మిగులుతుంది, సెట్టు చేసినవాడికి అమ్మకం మిగులుతుంది. అలాంటప్పుడు సెట్టు చేసేవాడు తనంతట తాను అవతలి బరువు కింద తల పెట్టాల్సిన పనేముంది?

2011 జనవరి 20న దేశమంతటా నంబరు మార్చకుండా నెట్‌వర్క్ మారే సౌకర్యం వచ్చాక, వినియోగదారుణ్ణి కట్టిపడేసే ఆ పాత దారి కూడా సన్నగిల్లింది. "పోర్టు పెట్టేస్తా" అన్న మాట కస్టమర్ కేర్‌తో వాదనలో బెదిరింపుగా వాడటం అప్పటి నుంచే మొదలైంది. టాటా టెలిసర్వీసెస్ సెల్‌ఫోను వ్యాపారం 2019 జులై 1న ఎయిర్‌టెల్‌లో కలిసింది. రిలయన్స్ ఇన్ఫోకామ్ పేరు మారి అయిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరలోనే వాయిస్ సేవలు ఆపేసింది.

రెండూ చేసిన వీడియోకాన్

మన దేశంలో ఫోన్ల తయారీ, నెట్‌వర్క్ రెండూ ఒకే గొడుగు కింద పెట్టడానికి సూటిగా ప్రయత్నించింది వీడియోకాన్. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే ఈ గ్రూపు సొంత బ్రాండు మీద సెల్‌ఫోన్లు తెచ్చింది, డేటాకామ్ సొల్యూషన్స్ పేరుతో తీసుకున్న లైసెన్సులతో నెట్‌వర్క్‌నూ నడపబోయింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 2జీ కేసులో రద్దు చేసిన 122 లైసెన్సుల్లో 21 ఈ గ్రూపువే. అదే ఏడాది చివర వేలంలో ఆరు సర్కిళ్లకు మళ్లీ స్పెక్ట్రమ్ కొన్నా, 2016లో ఆ ఆరు సర్కిళ్ల స్పెక్ట్రమ్‌ను రూ.4,428 కోట్లకు ఎయిర్‌టెల్‌కు అమ్మే ఒప్పందం చేసుకుంది. గ్రూపు మొత్తం 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పతనానికి టెలికాం ఒక్కటే కారణం అనలేం, చమురు పెట్టుబడులూ అప్పులూ ఉన్నాయి. కానీ ఊరూరా టీవీ డీలర్లున్న కంపెనీకే ఆ డీలర్ల బలం నెట్‌వర్క్‌ని నిలబెట్టడానికి అక్కరకు రాలేదన్నది గమనించాలి.

చిప్ కంపెనీ కొన్న స్పెక్ట్రమ్

స్పెక్ట్రమ్ కొని లాభపడ్డ తీరుకు 2010 నాటి క్వాల్‌కామ్ కథ మంచి ఉదాహరణ. ఫోన్లకు చిప్‌లు చేసే ఈ అమెరికా కంపెనీ ఆ ఏడాది బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలంలో పాల్గొని ఢిల్లీ, ముంబై, హరియాణా, కేరళ సర్కిళ్లను రూ.4,912 కోట్లకు పైగా పోసి గెలుచుకుంది. నెట్‌వర్క్ నడపాలన్న ఉద్దేశం దానికి లేదు. అప్పట్లో వైమాక్స్ అనే పోటీ పద్ధతి భారతదేశంలో పాతుకుపోతుందేమోనన్న భయం ఉండేది. దాని బదులు టీడీ-ఎల్‌టీఈ అనే 4జీ పద్ధతి వస్తే తన చిప్‌లకు గిరాకీ ఉంటుంది. అందుకని స్పెక్ట్రమ్ పట్టుకుని, 2012లో ఎయిర్‌టెల్‌కు 49 శాతం అమ్మి, 2013 నాటికి పూర్తిగా బయటపడింది. దేశం ఎల్‌టీఈ వైపే వెళ్లింది.

ఇక్కడ కంపెనీ కొన్నది వినియోగదారులను కాదు, సాంకేతికత ఏ దారిన పోవాలో నిర్ణయించే అవకాశాన్ని. పని అయ్యాక ఒక్కరోజు కూడా టవర్ల వ్యాపారంలో ఉండాలని చూడలేదు. ఇదే క్వాల్‌కామ్ ఒకప్పుడు అమెరికాలో ఫోన్లు కూడా తయారుచేసేది. సీడీఎంఏను నిలబెట్టడానికి చిన్న నెట్‌వర్క్ కంపెనీల్లో పెట్టుబడులు పెట్టింది. 1998లో ఆ పెట్టుబడులను లీప్ వైర్‌లెస్ పేరుతో వేరుచేసింది, 2000లో ఫోన్ల వ్యాపారాన్ని జపాన్ కంపెనీ క్యోసెరాకు ఇచ్చేసింది.

జియో

2010 వేలంలోనే దేశమంతటికీ స్పెక్ట్రమ్ గెలిచిన ఇన్ఫోటెల్ బ్రాడ్‌బ్యాండ్‌లో 95 శాతాన్ని రిలయన్స్ ఇండస్ట్రీస్ రూ.4,800 కోట్లకు తీసుకుంది. అదే తర్వాత జియో అయింది. 2016 సెప్టెంబర్ 5న సేవలు మొదలుపెట్టేనాటికి దానికి ఒక పెద్ద చిక్కుంది. జియోకు 2జీ, 3జీ లేవు. 4జీ మీదనే మాట్లాడాలంటే ఫోనులో వోల్టీ ఉండాలి. అప్పటికి జనం చేతుల్లో ఉన్న 4జీ ఫోన్లలో చాలావాటికి అది లేదు. అలాంటి ఫోనులో జియో సిమ్ వేస్తే ఇంటర్నెట్ వస్తుంది, కాల్ మాత్రం వేరే యాప్ ద్వారా చేసుకోవాలి. అందుకే రిలయన్స్ రిటైల్ 'లైఫ్' పేరుతో వోల్టీ ఫోన్లను ముందే బజారులోకి దించింది. ఇది ఇతరులు తయారుచేసిన ఫోన్ల మీద తన పేరు వేసి అమ్మడమే తప్ప తయారీ కంపెనీని కొనడం కాదు. రెండేళ్లు గడిచేసరికి శాంసంగ్, షావోమీ, వివో, ఒప్పో అన్నీ చవక ఫోన్లలోనూ వోల్టీ పెట్టేశాయి. లైఫ్ బ్రాండు అవసరం తీరింది, అది మెల్లగా కనుమరుగైంది. అవసరం తీరగానే వదిలేయగలగడమే ఆ ఏర్పాటులో ఉన్న తెలివి. కంపెనీని కొని ఉంటే ఫ్యాక్టరీ, ఉద్యోగులు, గోదాముల్లో మిగిలిన సెట్లు అన్నీ మెడకు చుట్టుకునేవి.

2017 జులై 21న ప్రకటించిన జియోఫోన్ దీనికి కొనసాగింపు. కీప్యాడ్ ఫోనే, కానీ 4జీ. రూ.1,500 డిపాజిట్, మూడేళ్ల తర్వాత తిరిగిస్తామన్నారు. అందులో జియో సిమ్ తప్ప మరొకటి పనిచేయదు. పల్లెల్లో పెద్దవాళ్ల చేతికి మొదటిసారి వీడియో వచ్చింది దీనితోనే: పొద్దున భక్తి పాటలు, సాయంత్రం పాత సినిమాలు. వాట్సాప్ 2018 సెప్టెంబర్‌లో గాని రాలేదు. అప్పటిదాకా దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి ఇంట్లో రెండో ఫోను ఉండాల్సి వచ్చేది. నెట్‌వర్క్ చేతిలో ఫోను ఉంటే వచ్చే మేలూ ఇదే, లోటూ ఇదే. ధర నేలకు దిగుతుంది, కానీ ఫోనులో ఏముండాలో వాడేవాడి అవసరం నిర్ణయించదు, నెట్‌వర్క్ లెక్క నిర్ణయిస్తుంది.

2021 దీపావళికి గూగుల్‌తో కలిసి తెచ్చిన జియోఫోన్ నెక్స్ట్ ధర రూ.6,499. దాదాపు అదే డబ్బుకు కౌంటర్ మీద పక్కనే ఇతర బ్రాండ్ల ఆండ్రాయిడ్ ఫోన్లు ఉన్నాయి కనుక కీప్యాడ్ ఫోను తెచ్చినంత ఊపు ఇది తేలేదు. 2023 జులైలో రూ.999కి జియోభారత్ వచ్చింది. దాన్ని కార్బన్ లాంటి కంపెనీలతో భాగస్వామ్యంలో తెచ్చారు.

సెల్‌కాన్ దారి

జియోఫోన్ ప్రకటన రాగానే ఎయిర్‌టెల్ సొంత ఫోను తేలేదు. 2017 అక్టోబర్‌లో మొదట కార్బన్‌తో, ఆ వెంటనే సెల్‌కాన్‌తో ఒప్పందం చేసుకుంది. సెల్‌కాన్ 2009లో వై.గురు హైదరాబాద్‌లో స్థాపించిన కంపెనీ. మొదట చైనా నుంచి తెచ్చిన ఫోన్లు అమ్మి, 2015లో మేడ్చల్‌లో, 2018లో తిరుపతి దగ్గర రేణిగుంటలో ఫోన్ల అసెంబ్లింగ్ యూనిట్లు పెట్టింది. తెలుగువాళ్ల బ్రాండు ఒకటి నోకియా, శాంసంగ్ పక్కన షోకేసులో నిలబడటం చిన్న సంగతి కాదు.

ఒప్పందం ఇలా ఉంది. సెల్‌కాన్ స్మార్ట్ 4జీ ఫోను అసలు ధర రూ.3,500. కొనేవాడు షాపులో రూ.2,849 కడతాడు. నెలకు రూ.169 ప్లాన్‌తో 36 నెలలు ఎయిర్‌టెల్ వాడితే 18 నెలలకు రూ.500, మూడేళ్లకు రూ.1,000 వెనక్కి వస్తాయి. అంటే చివరికి ఫోను రూ.1,349కే పడినట్టు. లెక్క కట్టి చూద్దాం: మూడేళ్ల రీఛార్జీ రూ.6,084. ఎయిర్‌టెల్ వదులుకున్నది రూ.1,500. దాని బదులు మూడేళ్లపాటు ఒక కస్టమర్ దక్కుతాడు. సెల్‌కాన్‌కు తన సెట్టు అమ్ముడైంది. ఫోనులో రెండు సిమ్‌లు పడతాయి, పైగా అది పూర్తి ఆండ్రాయిడ్. ఒకరి వాటా మరొకరు కొనకుండానే జియోఫోన్ చేయాలనుకున్న పనిలో ప్రధాన భాగం అయిపోయింది.

సెల్‌కాన్ ఆ తర్వాత నిలవలేకపోయింది. దానికి కారణం ఎయిర్‌టెల్‌లో వాటా లేకపోవడం కాదు. అవే ఏళ్లలో షావోమీ, రియల్‌మీ లాంటి చైనా బ్రాండ్లు మెరుగైన కెమెరాలు, పెద్ద బ్యాటరీలతో అదే ధరల శ్రేణిని ఆక్రమించాయి. మైక్రోమ్యాక్స్, ఇంటెక్స్, కార్బన్ కూడా ఆ పోటీలోనే కొట్టుకుపోయాయి. అప్పటికి శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ షావోమీ కోసం ఫోన్లు చేస్తోంది. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో జరిగిన కార్యక్రమంలో రెడ్‌మీ 2 ప్రైమ్‌ను ఆంధ్రప్రదేశ్‌లో తయారైన ఫోనుగా విడుదల చేశారు. మన గడ్డ మీదే తయారైన ఆ ఫోను మన బ్రాండుకు పోటీగా నిలిచింది. నెట్‌వర్క్‌లో పదో ఇరవయ్యో శాతం వాటా ఉన్నా సెల్‌కాన్‌ను ఈ పోటీ నుంచి అది కాపాడేది కాదు. ఆ డబ్బు ఉంటే కెమెరా మీదా సాఫ్ట్‌వేర్ మీదా పెట్టాల్సింది.

డబ్బు ఎంత

ఫోను వ్యాపారంలో లాభం పలచన. 2018లో షావోమీ తన ఫోన్లు, పరికరాల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వనని ప్రకటించింది. రూ.12,000 ఫోను మీద అది రూ.600, అదీ రెండుమూడేళ్లకొకసారి. నెట్‌వర్క్ వైపు చూస్తే 2024–25 చివర్లో ఎయిర్‌టెల్‌కు ఒక్కో కస్టమర్ నుంచి నెలకు సగటున రూ.245 వచ్చింది. మూడేళ్లకు రూ.8,820. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, ఫోను కంపెనీ ఈ నెలనెలా వచ్చే డబ్బులోకి ఎందుకు రాకూడదు అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

రూ.8,820 వసూలు, లాభం కాదు. దానికి ముందు పెట్టాల్సిన పెట్టుబడి చూడాలి. 2022 ఆగస్టులో ముగిసిన 5జీ వేలంలో మొత్తం రూ.1.5 లక్షల కోట్ల బిడ్లు వచ్చాయి. జియో ఒక్కటే రూ.88,078 కోట్లు, ఎయిర్‌టెల్ రూ.43,084 కోట్లు పెట్టాయి. అది గాలిలో తరంగానికి మాత్రమే. టవర్లు, ఫైబర్, కరెంటు, డీజిల్ ఖర్చు విడిగా ఉంటుంది. ఏడాదికొకసారి కొత్త మోడల్ తెచ్చి పాత సరుకు వదిలించుకునే వ్యాపారానికీ, ఇరవై ఏళ్ల లైసెన్సుకు వాయిదాలు కట్టే వ్యాపారానికీ డబ్బు తిరిగే వేగం ఒకటి కాదు.

వొడాఫోన్ ఐడియా దీనికి సాక్ష్యం. 2018 ఆగస్టు 31న రెండు పెద్ద కంపెనీలు కలిసి ఏర్పడిన ఈ సంస్థ బకాయిల కింద కుంగిపోతే, ప్రభుత్వమే 2023లో బకాయిలను వాటాగా మార్చుకుని 33 శాతం తీసుకుంది. 2025లో అది 48.99 శాతానికి చేరింది. దశాబ్దాల అనుభవం ఉన్న కంపెనీల పరిస్థితే ఇది.

లైసెన్సులోని ఒక పదబంధం

ఈ చర్చలో ఎక్కువమంది దాటవేసే అంశం ఒకటుంది. మన టెలికాం లైసెన్సుల్లో ప్రభుత్వానికి వాటాగా ఫీజు కట్టాల్సిన స్థూల ఆదాయంలో ఏమేం చేరతాయో రాసిన చోట, సెట్ల అమ్మకం మీద వచ్చిన డబ్బును కూడా చేర్చారు. అంటే లైసెన్సు ఉన్న కంపెనీయే ఫోన్లు అమ్మితే, ఆ అమ్మకం సొమ్ము మీద కూడా లైసెన్సు ఫీజు పడుతుంది. కంపెనీలు దీన్ని ఏళ్ల తరబడి కోర్టుల్లో సవాలు చేశాయి. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్వచనాన్నే సమర్థించింది. 5 శాతం లాభం కూడా కష్టమైన సరుకు మీద ఆదాయంలో 8 శాతం దాకా ఫీజు అంటే ఆ వ్యాపారం నష్టంతోనే మొదలవుతుంది. 2021 సెప్టెంబర్ సంస్కరణల్లో టెలికాంకు సంబంధం లేని ఆదాయాన్ని ఇకముందుకు ఈ లెక్క నుంచి తీసేశారు. ఫోన్ల వ్యాపారాన్ని నెట్‌వర్క్‌లో కలపాలనుకునేవాళ్లకు 2021కి ముందు దేశంలో లైసెన్సు షరతే అడ్డుగోడగా ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది. జియో ఫోన్లు రిలయన్స్ రిటైల్ ద్వారా అమ్ముడవడాన్ని ఈ వెలుగులో చూడవచ్చు.

రెండో గోడ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. మన బజారులో పెద్ద వాటా ఉన్న షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ అన్నీ చైనావే. 2021 అక్టోబర్‌లో టెలికాంలో 100 శాతం విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదన్నా ఈ నిబంధన మాత్రం అలాగే ఉంచారు. ఇబ్రహీంపట్నం కౌంటర్ మీద ఎక్కువగా కనిపించే బ్రాండ్లకు మన నెట్‌వర్క్ కొనే తలుపు ఆచరణలో మూసి ఉంది.

గూగుల్ కొన్న వాటాలు

తలుపు తెరిచి ఉన్నవాళ్లలో ముందుకొచ్చింది గూగుల్. పిక్సెల్ ఫోన్లు దానివే, ఆండ్రాయిడ్ దానిదే. 2020 జులైలో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 7.73 శాతానికి రూ.33,737 కోట్లు పెట్టింది. 2022 జనవరిలో ఎయిర్‌టెల్‌లో 1.28 శాతానికి 70 కోట్ల డాలర్లు, మొత్తం మీద 100 కోట్ల డాలర్ల వరకు పెడతానంది. ఒకరికొకరు గట్టి పోటీదారులైన రెండు నెట్‌వర్క్‌లలోనూ వాటా తీసుకోవడం గమనించదగ్గ విషయం. గూగుల్‌కు కావాల్సింది పిక్సెల్ అమ్మకాలు కాదు. దేశంలో ప్రతి చవక ఫోనులోనూ ఆండ్రాయిడ్, గూగుల్ సెర్చ్, యూట్యూబ్ ఉండటం. రెండు పడవల్లో కాలు పెట్టినా ఆ కంపెనీ మునగదు, ఎందుకంటే రెండు పడవలూ దాని రేవుకే చేరతాయి. ఒక్క ఫోన్ల మీదే బతికే కంపెనీకి ఈ సౌలభ్యం లేదు.

విదేశాల్లో

పాత ఉదాహరణల్లో మోటొరోలా ముందుంటుంది. ఉపగ్రహ ఫోన్ల కోసం అది వెనకుండి నడిపించిన ఇరిడియం 1998 నవంబర్‌లో సేవలు మొదలుపెట్టి 1999 ఆగస్టులో దివాలా తీసింది. టర్కీలో టెల్‌సిమ్ అనే నెట్‌వర్క్‌కు మోటొరోలా, నోకియా అప్పుగా ఇచ్చిన వందల కోట్ల డాలర్లు తిరిగి రాక ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

కొరియాలో ఎల్‌జీ గ్రూపుకు ఫోన్ల కంపెనీ, నెట్‌వర్క్ రెండూ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో ఎల్‌జీ ఫోన్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. నెట్‌వర్క్ మాత్రం నడుస్తూనే ఉంది. సొంత ఇంట్లో నెట్‌వర్క్ ఉండటం ఫోన్లను కాపాడలేదు. ఎస్‌కే టెలికాం తన ఫోన్ల కంపెనీ ఎస్‌కే టెలిటెక్‌లో పెద్ద వాటాను 2005లో పాన్‌టెక్‌కు అమ్మేసింది.

యాపిల్ తీరు వేరు. 2007లో అమెరికాలో ఐఫోనును ఏటీ అండ్ టీకి మాత్రమే ఇచ్చి, 2011లో వెరైజన్‌కూ తెరిచింది. ఆ నాలుగేళ్లలో నెట్‌వర్క్ నుంచి ఫోను మీద పూర్తి అధికారం సంపాదించింది, ఒక్క షేరు కొనకుండా. మన దేశంలో 2008 ఆగస్టులో ఐఫోను 3జీని ఎయిర్‌టెల్, వొడాఫోన్ రెండూ రూ.31,000 ధరతో తెచ్చాయి. ఇక్కడ నెట్‌వర్క్‌లు ధర భరించే ఆచారం లేదు కనుక అది చాలామందికి అందని వస్తువుగానే ఉండిపోయింది.

విజయవాడకు 5జీ వచ్చినప్పుడు

ఫోనుకూ నెట్‌వర్క్‌కూ పొసగకపోతే వాటా ఉంటేనే సర్దుకుంటుందన్న వాదనకు 2022 గట్టి జవాబు. ఆ ఏడాది అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. 5జీ ఉందని వేల రూపాయలు పోసి కొన్న ఐఫోన్లలో ఆరోజు 5జీ రాలేదు. కంపెనీ డిసెంబర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాక వచ్చింది. డిసెంబర్ 26న జియో విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, తిరుమలలో 5జీ తెచ్చేసరికి ఆ సమస్య తీరిపోయింది. జియోది పూర్తిగా విడిగా నిలబడే 5జీ, ఎయిర్‌టెల్‌ది అప్పట్లో 4జీ మీద ఆనుకున్న 5జీ. ఫోను రెంటికీ సరిపోవాలి. ఈ సర్దుబాట్లన్నీ ఇంజినీర్ల మధ్య పరీక్షలతో, అప్‌డేట్లతో అయ్యాయి. ఒకవేళ యాపిల్‌కు జియోలో వాటా ఉండి ఉంటే జియో కోసం అప్‌డేట్ ముందుగా వచ్చి ఎయిర్‌టెల్ వాళ్లకు ఆలస్యమయ్యేది. ఇబ్రహీంపట్నం ప్లాంటు క్వార్టర్లలో ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకరికి న్యాయం, ఇంకొకరికి ఎదురుచూపు.

రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఇలాంటిదే ఒక పాఠం నేర్పింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఈ పథకం నెలకు రూ.149కి ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ ఊళ్లలోకి వచ్చింది. కానీ ఇంట్లో ఫైబర్‌నెట్ ఇచ్చే సెట్‌టాప్ పెట్టె పెడితే తప్ప ఏదీ పనిచేయదు. తీగ లాగినవాడే పెట్టె కూడా ఇవ్వాల్సి వచ్చినప్పుడు, పెట్టె చెడిపోతే కొత్తది షాపులో దొరకదు, కేబుల్ ఆపరేటర్‌ని అడగాలి. సెల్‌ఫోనులో ఇది జరగకుండా చూసింది ఆ రెండు గాళ్ల ట్రేనే.

ఆకాశం వైపు

వాటా కొనడంలో అర్థం కనిపించే కొత్త చోటు ఒకటి ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు కరెంటు లేదు, ఫోన్ల ఛార్జింగు అయిపోయింది, సిగ్నల్ అందక బంధువుల ఆచూకీ తెలియక జనం అల్లాడారు. ఇలాంటప్పుడు నేల మీద టవర్ లేకపోయినా ఫోను నుంచి నేరుగా ఉపగ్రహానికి సందేశం పోవాలంటే, ఫోనులోని యాంటెన్నా, చిప్, ఉపగ్రహం మూడూ ఒకదానికొకటి సరిపడాలి. 2022 నాటికి దానికి బజారులో సిద్ధంగా ఉన్న నెట్‌వర్క్ లేదు. యాపిల్ 2022 నవంబర్‌లో అమెరికాలో, కెనడాలో ఐఫోను 14కు ఈ సౌకర్యం తెచ్చింది. 2024 నవంబర్‌లో ఆ ఉపగ్రహాలు నడిపే గ్లోబల్‌స్టార్ అనుబంధ సంస్థలో 40 కోట్ల డాలర్లతో 20 శాతం వాటా తీసుకోవడానికి, మరో 110 కోట్ల డాలర్లు ముందస్తుగా ఇచ్చి కొత్త ఉపగ్రహాలు పంపించడానికి ఒప్పందం బయటపడింది. కంపెనీ మొత్తాన్ని కొనలేదు. కొత్త ఉపగ్రహాల సామర్థ్యంలో అధికభాగం తనకు నికరం చేసుకోవడానికి ఐదో వంతు సరిపోయింది.

భారత్‌లో ఈ అత్యవసర సందేశం ఇంకా పనిచేయదు. ఉపగ్రహ ఫోన్ల మీద పాత నియంత్రణలు గట్టిగా ఉన్నాయి. వన్‌వెబ్, జియో, 2025 జూన్‌లో స్టార్‌లింక్ ఉపగ్రహ సేవలకు లైసెన్సులు పొందాయి. ఆ సేవలు డెల్టా లంకలకూ కొల్లేరు గట్లకూ వచ్చేనాటికి, వాటితో పలికే ఫోను ఒక్క నెట్‌వర్క్ వాళ్లకే దక్కుతుందా, అన్ని సిమ్‌లవాళ్లకూ దక్కుతుందా అన్నది లైసెన్సు షరతుల్లోనే రాసి పెట్టాలి. వరద వచ్చాక అడిగితే అప్పటికి ఆలస్యమవుతుంది.